చక్రం పిడి

మా మామగారికి ఎనిమిదే వేళ్ళు. ఎడమచేతి చూపుడువేలూ మధ్యవేలూ మొదలంటా లేవు. పెళ్ళిచూపులనాడు ఆయన మంచినీళ్ళ గ్లాసు అందుకుంటుంటే చూశాను. పెళ్ళికొడుకుని చూసుకోమని కూర్చోబెడితే పెళ్ళికొడుకు తండ్రి చేతినే చూస్తూ కూర్చున్నానని మా అమ్మ నెల్లాళ్ళు దెప్పింది. ఏం చెయ్యను, నా తత్వమే అంత. ఏ వస్తువైనా ఎలా తయారైందో, ఎలా విరిగిందో తెలిసేదాకా నాకు తోచదు. ఆ చెయ్యి సంగతి అడుగుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. కొత్తకోడలు అడగ్గలిగిన ప్రశ్న కాదు. మా ఆయన్ని అడిగితే "రంపం తీసుకుపోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

మాది విజయనగరం వైపు. మా ఆయన రాయ్‌పూర్‌లో గూడ్సు గార్డు. స్వతంత్రం వచ్చిన రెండుమూడేళ్ళకు నేను అక్కడికి కాపరానికి వెళ్ళాను. రైల్వే క్వార్టర్లలో మా వరసంతా మనవాళ్ళే. పొద్దున్నే పంపు దగ్గర వినిపించేదంతా మన యాసే, మధ్యమధ్య హిందీ. "నల్లా బంద్ అయిపోనాదేటి" అని పక్కింటావిడ అడిగితే మొదట్లో నవ్వొచ్చేది. ఆరు నెలలు తిరిగేసరికి నేనూ అలాగే అడిగాను. మా వెనక వసారా ముందు చిన్న పెరడు, పెరటిగోడ అవతల యార్డు. పగలంతా వేగన్లు ఒకదానికొకటి గుద్దుకోవడం, ఇంజన్ల కూతలు, గార్డుల ఈలలు. మొదటి వారం తల బద్దలైపోతుందనుకున్నాను. తరవాత ఆ చప్పుళ్ళు ఏమైపోయాయో తెలీదు. అవి అలాగే ఉన్నాయి, నా చెవులే వాటిని లోపలికి రానివ్వడం మానేశాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

మామగారు ఇంకో ఊళ్ళో వేగన్లు బాగుచేసే షాపులో వడ్రంగిగా చేసి రిటైరయ్యారు. అత్తగారు అంతకుముందే పోయారు. ఆయన ఒక ట్రంకుపెట్టె, ఒక పొడుగాటి పనిముట్ల పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేశారు. షాపులో ముప్పై ఏళ్ళ చప్పుడుకి చెవులు సగం పోయాయి. దగ్గరికెళ్ళి గట్టిగా మాట్లాడితే వినిపిస్తుంది, లేకపోతే లేదు. రోజంతా వసారాలో కూర్చుని వచ్చేపోయే వేగన్లకేసి చూసేవారు. వాటి తలుపుల్లో చెక్క ఎక్కడ పుచ్చిందో, ఏ పలక తప్పుగా బిగించారో తనలో తను చెప్పుకునేవారు. నేను ఏ గిన్నెకో మూత వెతుక్కుంటుంటే "అమ్మా, ఆ అలమార తలుపు మూల మట్టంగా లేదు" అనేవారు. నిజంగానే ఉండేది కాదు. నిద్రలో కూడా ఆయన కుడిచెయ్యి మంచంపట్టెని తడుముతూ ఉండేది. పని లేక ఆ మనిషి ఎండిపోతున్నాడని నాకు అర్థమైంది.

అయితే మా ఆయన ఒక ఆంక్ష పెట్టారు. ఉలి పట్టుకోవచ్చు, సుత్తి పట్టుకోవచ్చు, రంపం మాత్రం మా గడపలోకి రాకూడదు. ఎందుకంటే చెప్పరు. చాలాకాలానికి ఒకసారి చెప్పారు. చిన్నప్పుడు తను బడి నుంచి వచ్చేసరికి నాన్నని నలుగురు పట్టుకుని తీసుకొస్తున్నారట, చేతికి చుట్టిన గుడ్డ ఏ రంగుదో చెప్పలేనట్టు తడిసిపోయిందట. అది విన్నాక నేను రెండు రోజులు రంపం ఊసెత్తలేదు. మూడో రోజు ఎత్తాను.

వంటింట్లో నాకొక గూడు కావాలి, సీసాలూ డబ్బాలూ నేల మీదే ఉంటున్నాయి, చీమలకి పండగ. ఇదీ నా వాదన. మామగారు చేసిపెడతారు, రంపం లేకుండా గూడెలా వస్తుంది? మా ఆయన ఆరా మిల్లులో కోయించుకొమ్మన్నారు. అక్కడ కోతమిల్లుని అలాగే అంటారు. కోయించాను. నాలుగు పలకలూ నాలుగు పొడుగులు వచ్చాయి. వాటిని వాకిట్లో వరసగా నిలబెట్టి, డ్యూటీ నుంచి వచ్చిన మనిషి దాటుకుని లోపలికి వెళ్ళేలా చేశాను. చివరికి ఆయన దిగొచ్చారు. దిగొచ్చి, మామగారి ఎదురుగా మఠం వేసుకు కూర్చుని, ఆయనకి వినబడేలా ఒక్కొక్క ముక్కా చెప్పారు.

"నాన్నా, పెట్టుకో. నీ దగ్గర గానీ, దీని దగ్గర గానీ ఒక్క నెత్తురుచుక్క నాకు కనబడిందంటే మొత్తం కబాడీకి పోద్ది. మళ్ళీ అడగొద్దు."

మామగారు తల ఊపారు. పాతసామాన్లవాడి పేరు వినగానే ఎవరైనా నొచ్చుకుంటారు. ఆయన ముఖం మాత్రం పిల్లవాడి ముఖంలా వెలిగిపోయింది.

ఆ నెలంతా నాకు పండగే. ఇంట్లో కర్ర కోసే చోటు ఎలా పెట్టాలో మామగారు నేల మీద బొగ్గుతో గీసి చూపించారు. వెలుతురు ఎడమవైపు నుంచి రావాలి, కోసేవాడి నీడ గీత మీద పడకూడదు. కాలికింద నేల గరుగ్గా ఉండాలి, రంపంపొట్టు జారుతుంది గనక గంటగంటకీ ఊడ్చాలి. తోవలో ఏదీ ఉండకూడదు, ఆఖరికి నీళ్ళచెంబు కూడా. వెనక వసారాలో తూర్పు మూల ఆ లెక్కలన్నిటికీ సరిపోయింది. ఊళ్ళో పాతసామాన్ల కొట్లో గడ్డి కోసే మిషను తాలూకు ఇనుపచక్రం దొరికింది, నా నడుమెత్తు ఉంటుంది, పక్కన తిప్పడానికి పిడి. ఆ చక్రం నుంచి తోలుపట్టా వెళ్ళి బల్ల కింద చిన్న ఇరుసుని తిప్పుతుంది. ఆ ఇరుసుకి గుండ్రటి రంపపు బిళ్ళ. బల్లలో సన్నటి చీలికలోంచి బిళ్ళ సగం పైకి కనబడుతుంది. ఒకరు చక్రం తిప్పాలి, ఇంకొకరు కర్రని బిళ్ళ మీదికి నెట్టాలి. నేను పెద్ద చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పితే చిన్న బిళ్ళ ఎన్ని చుట్లు తిరుగుతుందో చూడాలని దాని పంటి మీద సుద్ద పెట్టి లెక్కపెట్టాను. కళ్ళు తిరిగి ఆపేశాను.

బిళ్ళ మీద నూనెడబ్బా రేకుతో టోపీ చేశారు. కర్ర చివరికొచ్చాక చేత్తో నెట్టకుండా ఒక తోపుడుకర్ర చేశారు, దాని కొస చేపనోరులా చీలి ఉంటుంది. బిళ్ళకి జానెడు దూరంలో బల్ల మీద ఎర్రరంగుతో గీత గీశారు. చక్రం తిరుగుతుండగా ఆ గీత దాటి చెయ్యి పోకూడదు.

తరవాత నా బట్టలకి వచ్చాం. చీరకొంగు పట్టాలో పడితే మనిషిని లాగేస్తుందట. మా వీధిలో అంట్లు తోమడానికి వచ్చే ఛత్తీస్‌గఢీ ఆమె తన లుగ్రా చీరని మోకాళ్ళ కిందికి బిగించి కట్టేది, కొంగు నడుం చుట్టూ తిప్పి దోపేది. ఆవిడ దగ్గర ఆ కట్టు నేర్చుకున్నాను. గాజులు తీసెయ్యమన్నారు మామగారు. తీశాను. పక్కింటావిడ గోడ మీంచి చూసి, మొగుడు డ్యూటీకి వెళ్ళిన వేళ గాజులు తీసిన ఆడదాన్ని ఎక్కడా చూళ్ళేదని వీధంతా చెప్పొచ్చింది. నాకు ఒళ్ళు మండింది. అయినా మర్నాటి నుంచి గాజులు తొడుక్కుని, మోచేతిదాకా పైకి నెట్టి, మామగారి పాత చొక్కా చించి దాంతో బిగించి కట్టేశాను. గాజులూ ఉన్నాయి, చప్పుడూ లేదు. ఆవిడ ఇంక చెప్పుకోవడానికేం మిగల్లేదు.

ఇంత జాగ్రత్త పడ్డ వాళ్ళం ఇంకో జాగ్రత్త కూడా పడ్డాం. అదే కొంప ముంచింది. పొట్టు నా కళ్ళలో పడకుండా, నా జుట్టు బిళ్ళ దరిదాపులకి రాకుండా, చక్రానికీ బల్లకీ మధ్య రేకుతో తడిక కట్టారు మామగారు. దాంతో ఆయన చేతులు నాకు కనబడవు, నేను ఆయనకి కనబడను. మరి ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు ఆపాలి? చక్రం చప్పుడులో మాట వినబడదు, ఆయనకి మామూలుగానే వినబడదు. మా ఆయన ఆలోచించి తన పాత గార్డు ఈల తీసి తండ్రి మెడలో వేశారు. ఒక పొడుగు ఈలకి తిప్పడం, రెండు పొట్టి ఈలలకి ఆపడం. ముగ్గురం ఎంతో తెలివైన పని చేశామని మురిసిపోయాం.

గూడు వచ్చింది. ఆ వెంటనే పీటలు, ఒక ఎత్తుబల్ల, పొరుగింటివాళ్ళకి ఉయ్యాల బల్ల. మామగారు రోజూ పెందలాడే లేచి గడ్డం గీసుకుని ఆఫీసుకెళ్ళేవాడిలా వసారాలోకి వచ్చేవారు. పని చేస్తున్నంతసేపూ మాట్లాడరు. పని అయ్యాక మాత్రం కర్రల గురించి చెప్పేవారు. సాలు చెక్క ఎందుకు రంపాన్ని పట్టేస్తుందో, టేకు ఎందుకు వాసనేస్తుందో. ఒకసారి మంచి సాలు పలకలు చూడ్డానికి అభన్‌పూర్ వెళ్తూ నన్ను కూడా రమ్మన్నారు. ధమ్తరీ వెళ్ళే చిన్నబండిలో వెళ్ళాం. తెలీబంధా దాటాక రెండు పక్కలా పొలాలే. దారిలో ఒక స్టేషన్లో బండి కదలబోతుంటే, స్టేషనాయన పేముతో చేసిన పెద్ద రింగు ఒకటి ఇంజనువైపు ఎత్తి పట్టుకున్నాడు, డ్రైవరు చెయ్యి చాపి భుజానికి తగిలించుకున్నాడు. అదేమిటని ఇంటికొచ్చాక మా ఆయన్ని పట్టుకున్నాను. ఒకే లైను ఉన్న చోట ఎదురుబండి రాకుండా అదో ఏర్పాటు, ఆ రింగు సంచీలో ఒక బిళ్ళ ఉంటుంది, అది చేతికందితే తప్ప డ్రైవరు కదలడు, ఎవడు పచ్చజెండా ఊపినా, ఎవడు ఈలేసినా సరే అన్నారు. అలాంటివి ఎన్ని ఉంటాయి అని అడిగాను. ఎన్ని ఉన్నా ఒకసారికి ఒక్కటే బయటికొస్తుంది అన్నారు. నాకది భలేగా నచ్చింది. నచ్చింది గానీ, దానికీ మా వసారాకీ ఏమైనా సంబంధం ఉందని అప్పుడు తట్టలేదు.

ఆ రోజు పొద్దున్న పదిగంటల వేళ. కోత మధ్యలో రెండు ఈలలు వినిపించాయి, చక్రం ఆపాను. చీలికలో చెక్కపేడు ఇరుక్కుని ఉంటుంది, తీస్తున్నారనుకున్నాను. పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఒక పొడుగు ఈల వినిపించింది. తిప్పాను.

సగం చుట్టు కూడా తిరగలేదు. అవతల నుంచి చిన్న మూలుగు, ఆ వెంటనే గట్టిగా, "ఆపీ తల్లీ" అని. బరువైన చక్రం చెయ్యి తీసినంత మాత్రాన ఆగదు. రెండు చేతులతో దాని ఆకులు పట్టుకుని, కాలు అడ్డం పెట్టి ఆపాను. తడిక చుట్టూ పరిగెత్తి వెళ్ళేసరికి మామగారు కుడిచెయ్యి పైకెత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు. బొటనవేలు కొస చీలింది, మోచేతిదాకా నెత్తురు. ఈల ఆయన ఛాతీ మీద వేలాడుతోంది, చెయ్యి చీలికలో ఉండగా తిప్పమని ఎవరూ ఊదరు. ఆ పొడుగు ఈల ఆయన ఊదలేదు.

వేలు ఉంది, గోరూ ఎముకా ఉన్నాయి, కొస కండే చీలింది. పసుపు అద్ది గుడ్డ చుట్టాను. నేను వేసిన ముడి జారిపోతుంటే ఆయనే రెండో చేత్తో, ఆ మూడు వేళ్ళతో, ముడి బిగించుకున్నారు. ఎనిమిదిలోంచి ఇంకొకటి నా చేతిమీదుగా పోబోయిందన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. వసారా మెట్టు మీద కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే బుర్ర పనిచేసింది. కొబ్బరికాయ కొడుతుంటే తగిలిందని చెబుదాం మావయ్యా అన్నాను. ఆయన నావైపు చాలాసేపు చూశారు. బల్లవైపు చూశారు. ఏమీ అనలేదు. నేను పొట్టంతా ఊడ్చి, బల్ల తడిగుడ్డతో తుడిచి, ఉన్న ఒక్క కొబ్బరికాయా పగలగొట్టి పచ్చడి చేశాను.

సాయంత్రం మా ఆయన వచ్చి కట్టు చూసి అడిగారు. చెప్పాను. పచ్చడి కూడా వడ్డించాను. నమ్మారు. మామగారు తల ఎత్తకుండా అన్నం తిన్నారు, పచ్చడి మాత్రం ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్న టీ తాగే వేళకి మామగారు కొడుకు ఎదురుగా వచ్చి పీట వేసుకుని కూర్చున్నారు. ఆ పీట మేం చేసిందే.

"కొబ్బరికాయ కాదురా, రంపమే" అన్నారు. "కోడలు నాకోసం అబద్ధం ఆడీసింది. నాను ఊరుకున్నాను. ఊరుకోడం తప్పు."

మా ఆయన గ్లాసు కింద పెట్టారు. మామగారు ఎడమచెయ్యి ముందుకు చాపి, ఎవరూ అడగని ఆ సంగతి అప్పుడు చెప్పారు. ఆయన వేళ్ళు పోవడానికి నాలుగు రోజుల ముందు, షాపులో అదే రంపం దగ్గర, ఆయనకి జోడీగా పనిచేసేవాడి గోరు లేచిపోయింది. ఆపి ఉన్న మిషను మీదికి పట్టా దానంతటదే జారి పడి, మిషను తిరిగిపోతోందని ఇద్దరికీ తెలిసిపోయింది. పైకి చెబితే మిషను బంద్ చేస్తారు, పని ఆగుతుంది, తిట్లు తినాలి. గుడ్డ చుట్టుకుని, తలుపు నలిపిందని చెప్పి ఊరుకున్నారు. నాలుగో రోజున అదే పట్టా ఈయన చెయ్యి పెట్టినప్పుడు జారింది.

"నా వేళ్ళు తీసుకున్నాది మిషను కాదురా" అన్నారు. "ఆ గుడ్డ."

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. ఇన్నాళ్ళుగా నేను తెలుసుకోవాలని తపించిపోయిన సంగతి అదే. తెలిశాక సంతోషం లేదు, సిగ్గేసింది. నిన్న నేను చుట్టిందీ అలాంటి గుడ్డే.

మా ఆయన లేచి వసారాలోకి వెళ్ళి తోలుపట్టా ఊడదీసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం కబాడీవాణ్ణి పిలుస్తానని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయారు. మామగారు బల్ల మీద గోనెపట్టా కప్పి, అంచులు సమంగా సర్ది, మళ్ళీ వేగన్లకేసి చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు గడ్డం గీసుకోలేదు. మర్నాడూ గీసుకోలేదు.

నాకు ముక్కుమీద కోపం. రెండు రోజులకి మించి దాన్ని దాచడం నావల్ల కాలేదు. శనివారం మధ్యాహ్నం మా ఆయన భోజనానికి కూర్చోగానే కంచం పెట్టకుండానే మొదలుపెట్టాను.

"బండి పట్టాలు తప్పితే ఆ బండిని మీవాళ్ళు కబాడీకి వేసేస్తారా? ఎందుకు తప్పిందో పదిమంది కూర్చుని రాస్తారు కదా? మా ఇంట్లో బండికి ఆ మర్యాద లేదా?"

ఆయన నావైపు చూశారు, ఖాళీ నేలవైపు చూశారు. ముందు అన్నం పెట్టు అన్నారు. పెట్టాను. తినేసి చెయ్యి కడుక్కుని, నిజంగానే డ్యూటీ పుస్తకం, పెన్సిలూ పట్టుకుని వసారాలోకి వచ్చి స్టూలు వేసుకున్నారు. మమ్మల్నిద్దర్నీ ఎదురుగా నిలబెట్టారు. తండ్రి అని లేదు, పెళ్ళాం అని లేదు. ఎన్నింటికి జరిగింది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, చక్రం ఏ వైపు తిరిగింది, అన్నీ అడిగి రాసుకున్నారు. తిప్పమన్న పొడుగు ఈల విన్నావా అని నన్నడిగితే విన్నానన్నాను. అది ఊదావా అని తండ్రినడిగితే, ఆపమనే ఊదాను, తిప్పమని లేదన్నారు. ఇద్దర్లో ఒకరు అబద్ధమాడుతున్నారని ఇంకెవరైనా అనేవారు. మా ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని, ఎవరూ మాట్లాడొద్దు, ఊరికే కూర్చోండి అన్నారు.

కూర్చున్నాం. అప్పుడు విన్నాను. ఎన్నాళ్ళుగానో నా చెవులు మూసేసిన చప్పుళ్ళన్నీ ఒక్కసారి లోపలికి వచ్చాయి. షంటింగు ఇంజను కూత. వేగన్లు గుద్దుకోవడం. గోడ అవతల ఎవరో రెండు పొట్టి ఈలలు. చిన్నబండి దూరంగా కూయడం. ఆ తరవాత గోడ పక్క నుంచే గార్డు ఈల ఒకటి, పొడుగ్గా, స్పష్టంగా. నా చెయ్యి నాకు తెలీకుండానే పిడి పట్టుకోవడానికి లేచింది.

యార్డు పక్కన కాపరం ఉండి, రోజంతా ఈలలు మోగే చోట, ఈలనే గుర్తుగా పెట్టుకున్నాం. రైల్వేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాని తెలివి. మామగారికి చెవుడు గనక యార్డు ఈలలు ఆయన లెక్కలో లేవు. నాకు అలవాటైపోయి లేవు. కోత మొదలుపెట్టి, చెవులు రిక్కించుకుని నిలబడ్డప్పుడు మాత్రం ఏ ఈలైనా నాదే అయింది. ఇక ఈల తెచ్చి ఇచ్చిన మనిషి పొద్దస్తమానం ఈల వేసుకుని బతికేవాడు.

ఆ మనిషే డ్యూటీ పుస్తకం పేజీలు వెనక్కి తిప్పుతున్నారు. ఒక చోట వేలు పెట్టి ఆగిపోయారు.

"ఆ వేళకి ఈ లైన్లోంచి బండి తీసింది నేనే" అన్నారు.

ఆ ఈల ఆయనదే కావచ్చు, పక్క లైన్లో ఇంకెవరిదైనా కావచ్చు. ఇప్పటికీ తెలీదు. ఆయన మాత్రం పుస్తకం మూసి, తండ్రి కట్టు ఉన్న చేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకున్నారు. విచారణ చేసిన అధికారే ముద్దాయి అని నేను ఇంకో రోజైతే ఆటపట్టించేదాన్ని. మామగారు కొడుకు వీపు మీద ఆ మూడు వేళ్ళ చెయ్యి వేసి, దొరికింది కదరా, దొరకడమే కావాలి అన్నారు.

మరి ఈల కాకపోతే ఏమిటి? గంట అన్నారు మా ఆయన. స్టేషన్లో గంట లేదా అన్నాను. జెండా అన్నారు. తడిక మీంచి ఊపినా పిడి పట్టుకున్నదాని చూపు ఒక్కసారి పక్కకి పోతే అంతే. ఎంతసేపూ ఒకరు చెప్పడం, ఇంకొకరు వినడమో చూడడమో. అక్కడే నాకు అభన్‌పూర్ బండి గుర్తొచ్చింది. ఎవడు ఈలేసినా కదలని ఆ డ్రైవరు, అతని భుజానికి ఆ పేము రింగు.

చక్రం పిడి ఊడొస్తుందా మావయ్యా అని ఆయన చెవి దగ్గర అరిచాను. ఆయనకి మొత్తం చెప్పక్కర్లేకపోయింది. లేచి గోనెపట్టా తీసి, పిడిని బిగించిన మర సడలించడం మొదలుపెట్టారు. కుడి బొటనవేలు పనికిరాదు గనక కొడుకు పట్టుకారు పట్టుకున్నారు. ఆదివారం కబాడీవాడు రానే వచ్చాడు. మా ఆయన వాడికి నూనెడబ్బాలు ఇచ్చి పంపేశారు.

పిడి చేత్తో లాగితే వచ్చేస్తుంది, దూర్చితే కూర్చుంటుంది. తడికలో పిడి పట్టేంత కిటికీ కోశారు. కోసేవాడి దగ్గర పిడి ఉంటుంది. కర్ర సర్దుకుని, చెయ్యి ఎర్రగీత ఇవతలికి తెచ్చుకున్నాకే ఆ కిటికీలోంచి పిడి చేతికిస్తాడు. కోసేవాడు తోపుడుకర్ర ఎత్తి చూపితే తిప్పేవాళ్ళు చక్రం ఆపి, పిడి ఊడదీసి తిరిగి చేతికివ్వాలి. అది ఒళ్ళో పడ్డాకే చెయ్యి బిళ్ళ దగ్గరికి పోతుంది. పిడి లేకుండా ఆకులు పట్టుకుని లాగితే చక్రం కదలదా అని నాకు అనుమానమొచ్చి లాగి చూశాను. కదిలింది, కష్టం మీద. మామగారు నన్ను తిట్టలేదు. ఒక చెక్క మేకు చేసి, చక్రం పక్కన బిగించి, పిడి తీసినప్పుడు మేకు ఆకుల మధ్య దిగేలా ఇంకో చిన్న ఏర్పాటు చేయడానికి రెండు రోజులు తీసుకున్నారు. నా అనుమానాలంటే ఆ ఇంట్లో మొదటిసారి ఒక విలువ వచ్చింది. ఈలని మా ఆయన తీసుకెళ్ళి ట్రంకుపెట్టె అడుగున పడేశారు.

కొత్త పద్ధతి మొదలుపెట్టిన రోజు మా ఆయన సెలవు పెట్టి గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేను మామూలుగా చక్రం దగ్గరికి వెళ్ళబోతుంటే మామగారు ఆపారు.

"నువ్వు ఇటు రా. ఎన్నాళ్ళని చక్కా తిప్పుతావు, కోత నేర్సుకో."

నాకు అడగాలని ఎప్పటి నుంచో ఉంది, అడిగే ధైర్యం లేకపోయింది. మా ఆయనవైపు చూశాను, ఆయన తలవంచుకుని గోడ మీద పెచ్చు గిల్లుతున్నారు. వద్దనలేదు. మామగారు పిడి నా ఒళ్ళో పెట్టి తడిక అవతలికి వెళ్ళిపోయారు. గాజులు పైకి నెట్టి కట్టు బిగించాను. చిన్న టేకు పలక సర్ది, పిడి అందించాను. చక్రం తిరిగింది. తోపుడుకర్రతో పలకని నెడుతుంటే చెక్క వణుకు మోచేతిదాకా వచ్చింది, టేకు వాసన ముక్కులో నిండింది. లోకంలో ఇంత మంచి పని ఉందా అనిపించింది. పలక మధ్యకొచ్చేసరికి కర్ర బిగిసింది. తోపుడుకర్ర ఎత్తి చూపాను. కిటికీలోంచి నన్నే చూస్తున్న మామగారు చక్రం ఆపి, పిడి నాకిచ్చేశారు. దాని బరువు నా తొడ మీద పడింది.

చీలికలో పేడు ఇరుక్కుంది. బిళ్ళ పళ్ళ పక్కనే. వేలు పెట్టి తియ్యాలి. పెట్టాను.

సరిగ్గా అప్పుడే గోడ అవతల ఈల మోగింది, పొడుగ్గా.

చెయ్యి వెనక్కి తియ్యాలన్నా రాలేదు. మామగారికి ఆ ఈల వినబడలేదు. కిటికీలోంచి నా ముఖం మాత్రం కనబడింది. ఆయన తడిక మీంచి రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు నావైపు తిప్పి పట్టుకున్నారు. ఒకటి నిండు చెయ్యి, బొటనవేలికి కట్టు. ఇంకోటి మూడు వేళ్ళ చెయ్యి. రెండూ ఖాళీ.

ఎనిమిది వేళ్ళూ లెక్కపెట్టుకున్నాను. లెక్కపెట్టి పేడు తీసేశాను.